ఎవరి చెవిలో మాట వారికే

మునిసిపల్ కమిషనర్ గారు నడివీధిలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎందుకు నిలబడ్డారో తాయారుకి బోధపడలేదు. తనేమో సీసా మూత తీసి గటగటా నీళ్లు తాగుతోంది. దాహం వేసి కాదు, స్తంభం మీది స్పీకరు తాగమంది గనక. ఇద్దరి మధ్యా నాలుగు బారల దూరం కూడా లేదు. ఆయనకి నీళ్ల మాట వినపడలేదు, ఆవిడకి చెప్పుల మాట వినపడలేదు.

"చూశారా సార్," అన్నాడు కౌశిక్ మురిసిపోతూ. హైదరాబాదు కంపెనీ ఇంజనీరు అతను. ఆ స్పీకర్లు బిగించి చూపించడానికి వచ్చి ఊళ్లో మకాం వేశాడు. "మీకు ఒక మాట, మేడంకి ఒక మాట. ఒకరిది ఇంకొకరి చెవిలో పడదు. దీని పేరే చెవిమాట."

"బానే ఉందయ్యా. చెప్పులెందుకు విప్పించావు?"

"విప్పుతారో లేదో చూద్దామని సార్."

కమిషనర్ గారికి కోపం రావాలి. రాలేదు. ఎందుకు విప్పానా అని ఆయనే ఇంకా తికమకలో ఉన్నారు. చెప్పులు కింద పడేసి కాళ్లు దూర్చుకుంటూ, "పక్కన నిలబడి మా అన్నయ్య చెప్పినట్టుందండి," అన్నారు తాయారుతో, కొంచెం సిగ్గుపడి.

తెల్లగరువు అనే ఆ పట్టణం చుట్టూ రొయ్యల ఫ్యాక్టరీలు, ఐసు ఫ్యాక్టరీలు. రొయ్య చల్లగా ఉండాలంటే అమ్మోనియా గ్యాసు కావాలి. గ్యాసు అన్నాక గొట్టంలోనే ఉంటానని ఎవరికీ రాసివ్వదు. కిందటేడు ఓ వాల్వు లీకైంది. మునిసిపాలిటీ మైకులు "పడమటికి పొండి" అని అరిచాయి. ఈ వీధి మైకు మాట ఆ వీధి మైకు మాట మీద పడి ఒకటే గోల, ఏ దిక్కో తెలిస్తే ఒట్టు. తెలిసినవాళ్లంతా ఒకేసారి కాలవ మీది సన్న కల్వర్టు ఎక్కారు. గ్యాసుకి ఎవరూ పోలేదు. తొక్కిసలాటలో పోయారు.

అందుకని ఇప్పుడు కొత్త స్పీకర్లు. రెండు రకాలు పరీక్షకి వచ్చాయి. ఒకటి మామూలు నెట్వర్కు స్పీకరు. ఊరంతా ఒకే తీగ మీద కలిసి ఉంటాయి, ఒకదానితో ఒకటి వేళ సరిచూసుకుని, ఊరంతటికీ ఒకే మాట ఒకేసారి చెబుతాయి. రెండోది ఈ చెవిమాట. ఇది చెప్పడమే కాదు, వింటుంది. అడుగుల చప్పుడుని బట్టి, దగ్గుని బట్టి ఎవరు ఎక్కడున్నారో పోల్చుకుంటుంది. గాలి ఎటు వీస్తోందో, ఏ సందులో ఎంతమంది ఉన్నారో లెక్క కట్టి ఎవరి దారి వాళ్లకి విడిగా చెబుతుంది. అందరూ కల్వర్టు మీద పడకుండా.

ఏది కొనాలో తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీలో పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, రేపు ఏదైనా జరిగితే అనడానికి ఒక మనిషి కావాలి కదా, అందరూ కూడబలుక్కున్నట్టు మునిసిపాలిటీ ఎలక్ట్రికల్ ఇంజనీరు మంగతాయారు వంక చూశారు. ఆవిడ ఏది అంటే అది. పరీక్షకి తీసుకున్న పేట కూడా ఆవిడ ఉంటున్న పేటే.

మొదటి డ్రిల్లు నవ్వులపాలైంది. తెల్లగరువు వాళ్లకో అలవాటుంది. మైకులో ఏం చెప్పినా, నీళ్లు రావన్నా, కోటా బియ్యం వచ్చాయన్నా, చెవులారా విని కూడా పక్కింటివాణ్ణి "ఏవన్నాడంట?" అని అడగందే నమ్మరు. వీధిలోకొస్తారు, నలుగురూ అనుకుంటారు, అప్పుడు కదులుతారు. ఆ రోజూ అంతే. సైరన్ మోగింది. స్పీకర్లు గుసగుసలాడాయి. జనమంతా వీధిలోకొచ్చి ఒకళ్లనొకళ్లు అడగడం మొదలెట్టారు.

"నన్ను రేవుకి పొమ్మంది. నిన్నూ?" అన్నాడు చేపల గంగయ్య.

"రేవేంటి మావా, నన్ను స్కూలుకి పొమ్మంటేనీ," అంది ఎదురింటి కోడలు.

"నన్ను తలుపేసుకోమందిరా," అన్నాడింకొకడు.

"నీకు తప్పు చెప్పుంటాది."

"నాకెందుకు తప్పు చెప్పుద్ది, నీకే తప్పు చెప్పుంటాది."

కంట్రోల్ రూములో తెర ముందు తాయారు, కౌశిక్ కూర్చుని చూస్తున్నారు. తెర మీద మనుషులు చుక్కల్లా కనిపిస్తారు. చుక్కలన్నీ పేట మధ్యలో కుప్పపడి కదలడం లేదు. నిజంగా గ్యాసే అయితే పేట పేటంతా అక్కడే పోయేది.

కౌశిక్ నెత్తి కొట్టుకున్నాడు. "ఎక్కడా ఇలా కాలేదు మేడం. మిగతా ఊళ్లలో చెప్పగానే వెళ్లిపోయారు. మీవాళ్లకి పక్కవాణ్ణి అడిగే జబ్బేంటి?"

"జబ్బు కాదు బాబూ, అలవాటు," అంది తాయారు. అయినా అతనన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు ఆవిడకి.

కౌశిక్ ఓ మార్పు చేశాడు. ఇకనుంచి చెవిమాట దారి చెప్పి ఊరుకోదు. ఎవర్నీ అడక్కుండా కదిలేలా చెబుతుంది. ఎవరికి ఏ మాట చెబితే కదులుతారో అదే చూసుకుంటుంది.

రెండో డ్రిల్లులో చుక్కలు చీమల్లా విడిపోయాయి. కొన్ని రేవుకి, కొన్ని స్కూలుకి, కొన్ని కల్వర్టు మీదుగా కాలవ గట్టుకి. ఎక్కడా కుప్ప లేదు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. చూస్తుండగానే పేట ఖాళీ. కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి కౌశిక్ భుజం తట్టారు. తాయారుకీ కళ్లు చెమర్చాయి. కిందటేడు తొక్కిసలాటలో పోయినవాళ్ల ఇళ్లకి ఆవిడ స్వయంగా వెళ్లొచ్చింది మరి. ఇంక ఆలోచించేదేముంది, ఇదే కొనాలి అనుకుంది.

అనుకున్నాక ఇంకోసారి తెర చూసింది. ఒక చుక్క కదల్లేదు. ఆ చుక్క వాళ్లింట్లో ఉంది.

ఇంటికెళ్లేసరికి అత్తగారు బుల్లెమ్మ వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకి తుంటి ఎముక విరిగినప్పటి నుంచీ వాకర్ పట్టుకుంటే గానీ అడుగు పడదు, మనిషి కూడా భారీ మనిషి. గదికి తలుపేసి ఉంది. తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కి ఉంది. అంత వంగి ఎలా కుక్కిందో ఆవిడకే తెలియాలి.

"ఏంటత్తయ్యా ఇది? ఆయనేరీ?"

"వత్తన్నాడంట. నీ కొడుకు వత్తన్నాడు, అందాకా తలుపేసుక్కూచో అని చెప్పిందమ్మా ఆ పెట్టె. కూచున్నాను."

ఆయన, అంటే తాయారు భర్త వెంకటరత్నం, సహకార బ్యాంకులో క్యాషియరు, అప్పుడే గుమ్మంలోకొచ్చాడు. కాలవ గట్టు మీద అందరితోపాటు టీ కూడా తాగొచ్చాడు. తల్లి మాట విని గతుక్కుమన్నాడు.

"నాకలా చెప్పలేదే. అమ్మని ముందే మునిసిపాలిటీ బండిలో తీసుకెళ్లిపోయారు, నువ్వెళ్లు అంది. అందుకే వెళ్లాను."

"ఇంట్లోకి తొంగి చూడలేదా?"

"తీసుకెళ్లారని చెబుతుంటే చూడ్డమేంటి?" అన్నాడు రత్నం, చొక్కా విప్పి వంకీకి తగిలిస్తూ. ఆ చొక్కా తగిలించడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

తాయారుకి ఒళ్లు మండింది. తల్లికో అబద్ధం, కొడుక్కో అబద్ధం చెప్పి ఇద్దర్నీ విడదీసిందన్నమాట. నేరుగా కౌశిక్ దగ్గరికెళ్లి కడిగేసింది.

"మీ పెట్టె అబద్ధాలాడుతోంది."

"ఆడదు మేడం," అన్నాడతను, ఇడ్లీ తింటున్నవాడు చెయ్యాపి. "మా మొదటి నియమమే అది. ఒకసారి అబద్ధం బయటపడితే రెండోసారి దాని మాట ఎవరూ వినరు. అందుకని నిజమే చెబుతుంది. నిజంలో ఎవరికి ఏది ముందు చెప్పాలో చూసుకుంటుందంతే."

"అయితే మా ఇంట్లోవాళ్లకి ఏం చెప్పిందో వినిపించు."

"ఆ మాటలేవీ ఉంచం మేడం. ఇంట్లో మాటలు రికార్డు చేస్తే ఊరుకోమని మీ కౌన్సిలే పట్టుబట్టింది కదా. చెప్పడం, చెరిగిపోవడం. ఎవరి మాట వాళ్లకే."

ఆవిడ తిరిగొస్తూ దారంతా అదే తలపోసింది. పెట్టె అబద్ధమాడదంటే ఇంట్లో ఎవరో ఆడుతున్నారు. ఇంట్లోవాళ్లు నిజమే చెబుతున్నారంటే కౌశిక్ అబద్ధమాడుతున్నాడు. మామూలు మైకైతే ఈ బాధ లేదు, అది ఏమందో ఊరంతా సాక్ష్యం. దీనికి సాక్ష్యమెవరు? పాతికేళ్లుగా కాపురం చేస్తున్న మొగుడి మొహం చూసి కూడా తేల్చుకోలేకపోయింది. కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. తిన్నవాళ్లిద్దరూ బాగుందన్నారు. అప్పుడింకా భయం వేసింది ఆవిడకి.

పేటలో కూడా ఏదో తేడా కొట్టింది. సాయంత్రం వీధి అరుగుల మీద కబుర్లు లేవు. గంగయ్య పెళ్లాం పుట్టింటికి పోయిందని విన్నది. ఎందుకు పోయిందంటే ఎవరూ నోరు విప్పలేదు. ఎదురింటి కోడలు తాయారుని చూసి గబుక్కున లోపలికెళ్లిపోయింది. డ్రిల్లు బ్రహ్మాండంగా జరిగిందని పొద్దున్నే అందరూ ఒప్పుకున్నారు కదా, మరి ఈ ముఖాలేంటి, అని బుర్ర గోక్కుంది.

చివరికి ఓ పని చేసింది. ఇంకోసారి డ్రిల్లు పెట్టమంది. ఎప్పుడని ఎవరికీ చెప్పొద్దంది. ఈసారి తను కంట్రోల్ రూములో కూర్చోదు, ఇంట్లో ఉంటుంది. చెవిమాట తన చెవిలో ఏం చెబుతుందో తనే వింటుంది.

ఆదివారం. బుల్లెమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తాయారు కింద కూర్చుని సాయం పడుతోంది. రత్నం వీధి గదిలో పేపరు చదువుతున్నాడు. సైరన్ మోగింది.

మాట కిటికీలోంచి రాలేదు, ఎటునుంచీ రాలేదు. పక్కనే కూర్చుని ఎవరో మెల్లగా చెప్పినట్టుంది. గొంతులో కంగారు లేదు.

"తాయారు గారూ, మీ వారు వీధిలోకి వెళ్లిపోయారు. మీరు ఇప్పుడు పెరటి దారిన వెళితే కల్వర్టు దాటగలరు. బుల్లెమ్మ గారిని తీసుకుని వెళితే ఇద్దరూ దాటలేరు. ఆవిడ తలుపేసుకుంటే బతికే అవకాశం కొంత ఉంది. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ్ని ఏమీ అడక్కండి, అడిగితే వెళ్లలేరు. బయల్దేరండి."

తాయారు తలెత్తి అత్తగారి వంక చూసింది. బుల్లెమ్మ చిక్కుడుకాయ పట్టుకుని గోడ వంక చూస్తోంది.

అడగాలి. అడగడానికే కదా ఇంట్లో కూర్చుంది. నోరు తెరిచింది.

"మంచినీళ్లు తెస్తానత్తయ్యా," అంది.

లేచింది. వంటింట్లోకెళ్లింది. వంటింట్లోంచి పెరట్లోకెళ్లింది. డ్రిల్లే కదా, నిజం గ్యాసు కాదు కదా, చూద్దామని వెళుతున్నాను అని తనకి తనే చెప్పుకుంది. కాళ్లు ఆ మాట కోసం ఆగలేదు. పెరటి తలుపు గడియ తీసింది, సందు దాటింది, కల్వర్టు ఎక్కింది, దాటింది. గట్టు మీద రత్నం నిలబడి ఉన్నాడు. ఒంటరిగా వస్తున్న పెళ్లాన్ని చూశాడు. రత్నం తల దించుకున్నాడు.

అప్పుడు తెలిసింది తాయారుకి. పెట్టె ఎవరితోనూ అబద్ధమాడలేదు. గంగయ్య పెళ్లాం ఎందుకు వెళ్లిపోయిందో, ఎదురింటి కోడలు ఎందుకు దాక్కుందో కూడా తెలిసింది. కాలవ గట్టు మీదే కూలబడి ఏడ్చింది. చుట్టూ జనం ఉన్నారు. ఎవరూ ఏమైందని అడగలేదు.

ఇంటికొచ్చాక ఇంక దాచలేదావిడ. మంచం దగ్గర కూర్చుని, మొగుడు వింటుండగానే, "అత్తయ్యా, మిమ్మల్ని వదిలేసి వెళ్లమంది. వెళ్లాను," అంది.

రత్నం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "నాకూ అదే చెప్పిందమ్మా," అన్నాడు. "అప్పుడూ, ఇప్పుడూ. బండిలో తీసుకెళ్లారన్నది నేను కల్పించింది."

బుల్లెమ్మ కొడుకు మీద అరవలేదు. ఈనెలు తీసిన కాయలు ఓ పక్క, తియ్యనివి ఓ పక్క జరిపింది.

"నాకు తెల్దేంటిరా," అంది. "నువ్వు వత్తన్నావని అది నాకు చెప్పలేదు. నేనే అన్నాను. అది చెప్పింది వేరు. అప్పుడు నీ ఒక్కడి గురించి, ఇయ్యాల ఇద్దరి గురించీ. మీరు పిలిస్తే వాళ్లు ఆగిపోతారు, ఆగితే ముగ్గురూ పోతారు, పిలవొద్దు అంది. నిజమే కదా మరి. తల్లిని కదా. నోట్లో కొంగు కుక్కుకుని కూచున్నాను."

"అమ్మా."

"ఉండరా. అది మంచి పెట్టేనే తాయారూ, అదే కొనుక్కోండి. ఊరికి మంచిది. కాకపోతే, నువ్వు నీళ్లు తెత్తానని లేచావు చూడు, అప్పుడు మాత్రం పిలుద్దారని పేణం కొట్టుకుందే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంతకీ నీళ్లు తేలేదు నువ్వు."

కమిటీ మీటింగులో తాయారు లేచి నిలబడింది. ముందు రోజంతా ఆలోచించింది గానీ ఏమీ తేలలేదు. ఊరి ప్రాణాలు ఓ పక్క, ఇంట్లో మాట ఓ పక్క. ఏ పక్క చూసినా రెండో పక్క వీపులో పొడుస్తోంది. లేచి నిలబడ్డాక నోటికి వచ్చిందే చెప్పింది.

"మామూలువి కొందామండి. అందరికీ ఒకే మాట చెప్పేవి."

అందరూ బిత్తరపోయారు. "తెర మీద మీరే చూశారు కదమ్మా," అన్నారు కమిషనర్ గారు. "ఎంత తేడా ఉంది. కారణమేం చెప్పమంటారు కౌన్సిల్‌కి?"

"నాకూ సరిగ్గా తెలీదండి. మాట అందరిదీ అయితే ఒకళ్లనొకళ్లు అడుగుతారు. అడిగితే ఆలస్యమవుద్ది. ఆలస్యమైతే కొందరు పోతారు. అయినా అడగాలండి."

కౌశిక్ చెడ్డవాడు కాదు. మీటింగు అయ్యాక వరండాలో పట్టుకుని నెమ్మదిగానే అడిగాడు. "మేడం, మీ ఇంట్లో ఒక్క మనిషి కోసం ఊరంతటికీ..."

"ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి ఉంటుంది బాబూ."

"నిజంగా గ్యాసు వచ్చి ఎవరైనా పోతే? ఆ పేరు మీ మీదే ఉంటుంది."

"ఉంటుంది," అంది తాయారు. అతని మొహంలోకి చూడలేకపోయింది. అతను అన్నదీ నిజమే, తను అన్నదీ నిజమే. ఇద్దరివీ నిజాలైనప్పుడు ఏం చెయ్యాలో ఆవిడ చదివిన చదువులో లేదు.

మామూలు స్పీకర్లు పెట్టారు. కల్వర్టు కొంచెం వెడల్పు చేయించింది, కమిషనర్ గారి కాళ్లావేళ్లా పడి. వానలు తగ్గాక మొదటి డ్రిల్లు పెట్టారు. సైరన్ మోగింది. ఊరంతా ఒకే గొంతు, స్పష్టంగా, "గ్యాసు లీకైంది. అందరూ కాలవ గట్టు మీదికి రావాలి," అంది. జనం అలవాటు కొద్దీ వీధిలోకొచ్చి, "ఏవన్నాడంట?" అని అడుక్కున్నారు. అందరూ ఒకటే చెప్పారు. అయినా ఇంకోసారి అడుక్కున్నారు.

తాయారు చెప్పులేసుకుంటుంటే వెనక గదిలోంచి ఓ కేక వచ్చింది. వీధి వీధంతా వినపడేలా.

"ఒరే రత్నం, అందర్నీ రమ్మంటన్నాడురా. రా, నన్నెత్తు."

రత్నం పరిగెత్తాడు. ఎత్తడం ఒక్కడి వల్ల కాలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆ పక్క రత్నం, ఈ పక్క తాయారు పట్టుకున్నారు. వీధి మలుపులో కుర్చీ కాలు విరిగింది. గంగయ్య వచ్చి ఓ చెయ్యి వేశాడు. బుల్లెమ్మ దారి పొడుగునా అందర్నీ తిడుతూనే ఉంది, మెల్లగా పట్టుకోండిరా, పడేసేరు, ఆ గొయ్యి చూసుకో, అని. కల్వర్టు దగ్గర జనం ఆగిపోయి ఉన్నారు, వాళ్లమధ్యలోంచి దారి చేసుకుంటూ, ఆగుతూ, మళ్లీ పట్టుకుంటూ గట్టెక్కేసరికి అందరికంటే ఆఖరు వీళ్లే.

బుల్లెమ్మని చెట్టు నీడన దింపారు. కట్టుకున్న చీర సర్దుకుని, పక్కనున్నవాళ్లందరికీ వినపడేలా, "మావాళ్లు మోసుకొచ్చారు," అని చెప్పుకుంటోంది. రత్నం గట్టు మీద చతికిలబడ్డాడు. తాయారు నడుం పట్టేసి వంగలేక, లేవలేక నిలబడింది.

కమిషనర్ గారు వాచీ చూసుకుంటూ దగ్గరికొచ్చారు. కోప్పడడానికి కాదు, ఆయన మొహంలో జాలే ఉంది.

"ఏవమ్మా, ఇది నిజం గ్యాసే అయితే మీ ముగ్గురూ పోయుండేవారు."

తాయారు అత్తగారి వంక చూసింది, మొగుడి వంక చూసింది. తను చేసింది తప్పో ఒప్పో ఆ క్షణాన కూడా తేల్చుకోలేకపోయింది.

"ఆయ్," అంది. "ముగ్గురమూనండి."